దూరం నుంచి పక్షుల్ని చూసి రాసుకోడానికి కూడా ఎథిక్స్ అప్రూవల్ కావాలా?

ప్రశ్న:

మేడమ్ నమస్తే. నేను గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ఎమ్మెస్సీ జువాలజీ ఫైనలియర్ చదువుతున్నా. ప్రాజెక్టు కోసం ఉప్పలపాడు చెరువులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) పిల్లల్ని రోజుకి ఎన్నిసార్లు మేపుతున్నాయి, తల్లీతండ్రీ గూడు దగ్గర కాపలా ఎలా మార్చుకుంటున్నాయి అనేది బైనాక్యులర్‌తో చూసి రాసుకుందామని ప్లాన్. వీలైతే నేలపట్టు పక్షుల కేంద్రంలో కూడా కొన్నాళ్లు చూసి రెండూ పోల్చాలని ఉంది. మధ్యలో గద్ద అరుపు మొబైల్‌లో పెట్టి ఎలా రియాక్ట్ అవుతాయో కూడా చూడు, పేపర్ బాగా వస్తుంది అని సీనియర్ ఒకతను అన్నాడు. గూళ్ల కింద పడ్డ ఈకలు, చేప ముక్కలు ఏరుకొచ్చి ల్యాబ్‌లో చూడాలని ఉంది, ఊళ్లోవాళ్లని కూడా కొన్ని ప్రశ్నలు అడగాలి. మనం పట్టుకోవట్లేదు, ముట్టుకోవట్లేదు, ఇంక పర్మిషన్ దేనికమ్మా అని మా గైడ్ గారు అంటున్నారు. కానీ నేను పంపుదామనుకున్న జర్నల్ వాళ్లు ఎథిక్స్ కమిటీ పేరు, అప్రూవల్ నంబర్ అడుగుతున్నారు. మా కాలేజీలో ఐఏఈసీ (జంతువుల మీద ప్రయోగాల్ని ముందే పరిశీలించే సంస్థాగత ఎథిక్స్ కమిటీ) లేదు. పక్కన ఫార్మసీ కాలేజీలో ఉంది కదా, పనంతా అయ్యాక వాళ్ల దగ్గర ఒక లెటర్ తీసుకో అని అదే సీనియర్ సలహా. అసలు నాకు అప్రూవల్ కావాలా వద్దా?

సమాధానం:

మీ ప్లాన్‌లో బైనాక్యులర్ భాగం వరకు మీ గైడ్ గారు చెప్పింది దాదాపు కరెక్టే, ఐఏఈసీ అప్రూవల్ అక్కర్లేదు. కానీ "ఏ పర్మిషనూ అక్కర్లేదు" అన్నారు చూడండి, అది మాత్రం కాదు. ఐఏఈసీ వేరు, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ వేరు, మనుషుల్ని ప్రశ్నలడగడానికి ఎథిక్స్ వేరు, జర్నల్ వాళ్లు అడిగేది మళ్లీ వేరు. మనవాళ్లు ఈ నాలుగింటినీ ఒకే మూటలో కట్టేసి "కావాలి" అనో "అక్కర్లేదు" అనో తేల్చేస్తారు, అక్కడే మొదలవుతుంది తిరకాసంతా. ఇక ఆ సీనియర్ ఇచ్చిన సలహాలు రెండూ (గద్ద అరుపు ఒకటి, పనయ్యాక లెటర్ ఒకటి) ఇప్పుడే పక్కన పడేయండి, ఎందుకో కింద చెప్తా.

ముందు ఐఏఈసీ సంగతి. ఇది పుట్టింది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద. ఆ చట్టంలోనే జంతువుల మీద ప్రయోగాల్ని అదుపు చేసే కమిటీ ఉంది, నిన్నమొన్నటిదాకా సీపీసీఎస్ఈఏ అనేవాళ్లు, ఇప్పుడు పేరు సీసీఎస్ఈఏ. 1998లో రూల్స్ వచ్చాయి, 2001లో, 2006లో సవరించారు. ఎలుకలు, కుందేళ్లు పెట్టుకుని ప్రయోగాలు చేసే ప్రతి సంస్థా రిజిస్టర్ అవ్వాలి, తన దగ్గర ఎనిమిది మందితో కమిటీ పెట్టుకోవాలి, అందులో ఒక వెటర్నరీ డాక్టరు ఉండాలి, బయట సంస్థ నుంచి ఒక సైంటిస్టు ఉండాలి, సైన్సుతో సంబంధం లేని బయటి మనిషి ఒకరు ఉండాలి, సీసీఎస్ఈఏ పంపిన నామినీ ఉండాలి. మీ పక్క ఫార్మసీ కాలేజీలో ఉన్నది ఇదే.

అక్కడ అప్లై చేయడానికి ఫారం బి అని ఒకటి ఉంటుంది, దొరికితే ఒకసారి తిరగేయండి. జంతువుల్ని ఎక్కణ్ణుంచి తెస్తున్నారు, ఎన్ని, ఏ వయసు, ఎంత బరువు, ఎన్ని రోజులు ఎక్కడ ఉంచుతారు, ఏమేం ఇంజెక్షన్లు, చివర్లో ఎలా చంపుతారు, కళేబరాన్ని ఏం చేస్తారు... అన్నీ ఇవే ప్రశ్నలు. ఉప్పలపాడు తుమ్మచెట్టు మీద కూర్చున్న గూడబాతు గురించి ఇందులో ఒక్క గడి కూడా నింపలేరు, నింపితే నవ్వొస్తుంది. ఆ ఫారం చూస్తేనే తెలుస్తుంది ఈ కమిటీ ఎవరికోసమో, మనిషి చేతిలోకి వచ్చిన జంతువు కోసం.

అయితే గైడ్లు కంగారుపడే పాయింటు ఒకటుంది, అది కూడా చెప్పాలి. 1998 రూల్స్‌లో "ప్రయోగం" అంటే ఏంటో రాసినచోట జంతువుని వాడి బయలాజికల్, ఫిజియలాజికల్, ఎథలాజికల్ జ్ఞానం సంపాదించే ఏ ప్రాజెక్ట్ అయినా అని ఉంటుంది. ఎథలాజికల్ అంటే ప్రవర్తన గురించి. అది చదివి కొందరు, అమ్మో ప్రవర్తన స్టడీ అంటే మనదేగా, మనం కూడా వెళ్లాలి అనుకుంటారు. కానీ దాని ముందు ఉన్న మాట జంతువుని "వాడి" అని. ల్యాబ్‌లో ఎలుకని చిక్కుదారిలో వదిలి ఎటు పోతుందో చూడటం ప్రవర్తన స్టడీయే, అక్కడ ఎలుకని వాడారు. చెరువు గట్టు మీద కూర్చుని కొంగ తన పని తాను చేసుకుంటుంటే చూడటంలో కొంగని వాడింది ఏమీ లేదు, మీరు అక్కడ లేకపోయినా అది అదే టైముకి అదే చేపని అదే పిల్ల నోట్లో పెట్టేది. నా లెక్క ప్రకారం గీత ఇక్కడే ఉంది, చాలా కమిటీలు కూడా ఇలాగే చూస్తాయి. జంతువు అడవిదా పెంపుడుదా, పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి మినహాయింపు రాదు, మీరు దానికి ఏం చేస్తున్నారు అన్నదాన్ని బట్టి వస్తుంది.

అమెరికా వాళ్లు ఇదే సంగతిని రూల్స్‌లో విడమరిచి రాసుకున్నారు. అక్కడ యానిమల్ వెల్ఫేర్ రెగ్యులేషన్స్‌లో ఫీల్డ్ స్టడీ అని ఒక నిర్వచనం ఉంది, స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువుల్ని వాటి సహజమైన చోటే చదివితే అది ఫీల్డ్ స్టడీ, దానికి కమిటీ రివ్యూ అక్కర్లేదు. కానీ వెంటనే మెలిక, శరీరంలోకి ఏదైనా గుచ్చినా కోసినా, హాని జరిగినా, జంతువు ప్రవర్తన చెప్పుకోదగ్గంతగా మారినా అది ఇంక ఫీల్డ్ స్టడీ కాదు. ఈ మూడో ముక్క చాలా ముఖ్యం, ముట్టుకోకపోయినా ప్రవర్తన మార్చేస్తే మినహాయింపు పోయినట్టే. అక్కడ చదివే మన పిల్లలు కూడా ఇది గమనించుకోవాలి, చట్టం వదిలేసినా చాలా యూనివర్సిటీలు "నాకు మినహాయింపు వర్తిస్తుంది" అని ఒక ఫారం ముందే ఇవ్వమంటాయి. బ్రిటన్‌లో, యూరప్‌లో కొలమానం సూది, సూది గుచ్చినంత నొప్పో బాధో కలగని పని అయితే అక్కడి జంతు ప్రయోగాల చట్టం పరిధిలోకి రాదు. ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లకి మాత్రం ఈ వెసులుబాటు లేదు, వాళ్ల కోడ్ ప్రకారం ఊరికే గమనించడం కూడా జంతువుని వాడటం కిందికే వస్తుంది, యానిమల్ ఎథిక్స్ కమిటీకి వెళ్లాల్సిందే. కాబట్టి ఎవరో మెల్‌బోర్న్‌లో ఉన్న కజిన్ చెప్పాడనో, టెక్సాస్‌లో ఉన్న అక్క చెప్పిందనో ఇక్కడ ఫాలో అవ్వకండి.

ఇప్పుడు మీ ప్లాన్‌లోకి వద్దాం.

బైనాక్యులర్‌తో, ఊళ్లోవాళ్లూ చూడ్డానికొచ్చినవాళ్లూ రోజూ నిలబడే చోట నిలబడి చూసి రాసుకోవడం ఒకటి. దీనికి ఐఏఈసీ అక్కర్లేదు. ఉప్పలపాడు నోటిఫై అయిన అభయారణ్యం కూడా కాదు, ఊరి చెరువు, ఊళ్లోవాళ్లు కాపాడుకుంటూ వచ్చిన చోటు, కాబట్టి సాంక్చువరీ ఎంట్రీ పర్మిట్ లాంటిది అక్కడ వర్తించదు. అయినా పంచాయతీకి ఒక లెటర్, ఆ ఏరియా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఒక లెటర్ ఇచ్చి, రెండిటి మీదా అందినట్టు ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టుకోండి. ఇది చట్టం కోసం కాదు. ఒకమ్మాయి రోజూ పొద్దున్నే నోట్‌బుక్కు పట్టుకుని చెరువు దగ్గర కూర్చుంటుంటే ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు చూపించడానికి, రేపు జర్నల్‌కి చూపించడానికి.

నేలపట్టు అలా కాదు. దొరవారిసత్రం మండలంలో ఉన్న ఆ పక్షుల కేంద్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించిన అభయారణ్యం. 1972 నాటి ఆ చట్టంలో సెక్షన్ 28 అని ఉంది, సాంక్చువరీలోకి ఏయే పనుల మీద పర్మిట్ ఇవ్వొచ్చో అందులో రాశారు, వన్యప్రాణుల అధ్యయనం ఒకటి, ఫొటోగ్రఫీ ఒకటి, సైంటిఫిక్ రీసెర్చ్ ఒకటి, టూరిజం ఒకటి, ఇలా విడివిడిగా. అంటే మీరు గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని లోపలికెళ్తే టూరిస్టుగా వెళ్లినట్టు, ఆ టికెట్టు మీద డేటా తీసుకుని పేపర్ రాస్తే "మీకు రీసెర్చ్ పర్మిషన్ ఎవరిచ్చారు" అని అడిగే హక్కు వాళ్లకుంది, అడుగుతారు కూడా. టికెట్టు ఉందిగా అంటే కుదరదు. మన పీజీ డిసర్టేషన్లలో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే, ఐఏఈసీ గురించి నెలలు మథనపడి, ఫారెస్ట్ పర్మిషన్ సంగతే మర్చిపోతారు.

దీనికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పేరు మీద, డీఎఫ్ఓ (అటవీ శాఖ స్థానిక అధికారి) ద్వారా అప్లికేషన్ పెట్టాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడ్, ప్రిన్సిపాల్ సంతకాలు, రెండు మూడు పేజీల స్టడీ ప్లాన్, ఎన్ని రోజులు, ఎంతమంది వస్తారు, ఎక్కడ నిలబడతారు, ఏ టైములో, ఏం పరికరాలు, చివర్లో రిపోర్టు కాపీ ఇస్తామని హామీ. "పక్షులపై అధ్యయనం" అని గుండుగుత్తగా రాయకండి, ఆఫీసులో చదివే మనిషికి మీరు గూళ్ల దగ్గరికి వెళ్తారా వెళ్లరా అన్నదే కావాలి, అది మొదటి పేరాలోనే ఉండాలి. పర్మిషన్ రావడానికి టైం పడుతుంది, ఒక్కోసారి చాలా టైం. నేలపట్టులో గూళ్ల సీజన్ అటూఇటూగా అక్టోబర్ నుంచి మార్చి దాకా. సీజన్ మొదలయ్యాక అప్లికేషన్ పెడితే పిల్లలు ఎగిరిపోయాక పర్మిషన్ చేతికొస్తుంది. ఈ ఏడాదికి అందదనిపిస్తే ఉప్పలపాడు ఒక్కటే చేయండి, ఎమ్మెస్సీకి ఒక్క చోటు చాలు, పోలిక లేకపోతే మార్కులు తగ్గించేవాళ్లు ఎవరూ లేరు.

ఇక గద్ద అరుపు. పైన అమెరికా రూల్‌లో చెప్పిన మూడో ముక్క గుర్తుందిగా, ప్రవర్తన మారితే మినహాయింపు పోతుందని. ఇక్కడ ప్రవర్తన మార్చడమే మీ ఉద్దేశం! మీరు కావాలని పక్షిని భయపెట్టి ఎలా భయపడుతుందో చూస్తున్నారు, అది ప్రయోగం, ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ప్రయోగమే, కమిటీ ముందుకు వెళ్లాల్సిన పని. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. వన్యప్రాణి చట్టంలో వేట అంటే ఏంటో నిర్వచనం చదవండి, సెక్షన్ 2లో 16వ క్లాజు. చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం మాత్రమే కాదు, తరమడం కూడా వేటే, ఎర వేయడం కూడా వేటే, పక్షులూ సరీసృపాల విషయంలో గుడ్లు పాడుచేయడమే కాదు, గుడ్లనిగానీ గూళ్లనిగానీ డిస్టర్బ్ చేయడం కూడా వేట కిందికే వస్తుంది. డిస్టర్బ్ చేస్తే చాలు. గూళ్ల కాలనీ మధ్యలో గద్ద అరుపు వినిపించి రెండొందల పక్షుల్ని ఒక్కసారి లేపితే మీ స్టడీకి చట్టం పెట్టే పేరు ఏంటో మీరే చెప్పండి. మీ సీనియర్‌కి ఇది తెలిసి ఉండదు, తెలిస్తే అంత తేలిగ్గా అనేవాడు కాదు.

చట్టం పక్కన పెట్టినా, గూడు మీది పక్షి లేస్తే ఏమవుతుందో ఒకసారి చూసినవాళ్లు ఎవరూ ఆ పని చేయరు. కాకులు ఆ చెట్ల చుట్టూనే కాచుకుని ఉంటాయి. తల్లి అలా లేవగానే కాకి ఇలా దిగుతుంది, గుడ్డుకి బొక్క పెట్టడానికి దానికి ఎంతోసేపు అక్కర్లేదు. ఎండెక్కాక ఇంకో బాధ. ఎర్రకాళ్ల కొంగ పిల్లలకి మొదట్లో ఒంటి మీద తెల్లటి నూగే తప్ప ఈకలుండవు, మధ్యాహ్నం పూట తల్లో తండ్రో సూర్యుడికి వీపు పెట్టి రెక్కలు సగం విప్పి నిలబడుతుంది, పిల్లలు ఆ నీడలో ముడుచుకుని ఉంటాయి, ఎండ జరిగేకొద్దీ అదీ జరుగుతుంది. మీ బైనాక్యులర్‌లో ఇది బ్రహ్మాండంగా కనపడుతుంది, అసలు మీ స్టడీకి ఇదే మంచి పాయింటు అని నా అభిప్రాయం, మేపడం ఒక్కటే కాకుండా ఎవరు ఎంతసేపు నీడ పడుతున్నారో కూడా రాసుకోండి. ఆ టైములో పెద్దది లేచిపోతే పిల్లలు ఎండకి మాడతాయి. భయపడ్డ పిల్లలు తిన్నదంతా కక్కేస్తాయి, ఆ చేప కిందపడితే మళ్లీ వాటికి దక్కదు, కొంచెం ఎదిగిన పిల్లలైతే గూట్లోంచి వెనక్కి జరిగీ జరిగీ కిందపడిపోతాయి కూడా. మేపే సార్లు లెక్కపెట్టడానికి వెళ్లి మేత కక్కిస్తే మీ డేటా కూడా చెడినట్టే కదా.

అందుకే స్పీకర్ లేకపోయినా మీరు నిలబడే చోటే డిస్టర్బెన్స్ అవ్వొచ్చు, ఊరికే చూస్తున్నాం అన్నంత మాత్రాన మినహాయింపు దానంతటదే రాదు. మొదటి ఒకట్రెండు రోజులు డేటా పక్కన పెట్టి ఇదొక్కటే చూడండి. పక్షి ఎగరడానికి చాలా ముందే చెప్తుంది, ఈకలు సర్దుకోవడం ఆపేస్తుంది, మెడ నిటారుగా పెడుతుంది, దాని పక్కనున్నవి కూడా ఒకటొకటిగా మీవైపే తిరుగుతాయి. అలా జరిగిన దూరం రాసుకోండి, అక్కణ్ణుంచి బాగా వెనక్కి వెళ్లండి, మళ్లీ అవి ఈకలు సర్దుకోవడం మొదలుపెట్టాకే మీ టైం స్టార్ట్ చేయండి. ఈ కొలత మీ పేపర్‌లో మెథడ్స్‌లో రెండు లైన్లుగా పడితే ఏ రివ్యూయర్ నోరూ లేవదు. అన్నట్టు, డ్రోన్ ఐడియా ఎవరైనా ఇస్తే అది కూడా స్పీకర్ లెక్కే, పైనుంచి వచ్చేదాన్ని పక్షులు గద్ద అనుకుని బెదిరిపోవచ్చు. ఫ్లాష్ వాడొద్దు.

ఈకలు, చేప ముక్కలు ఏరడం గురించి. రాలిన ఈక ఏరితే జంతువుకి హాని ఏముంది అంటారు, నిజమే, ఐఏఈసీ కోణంలో ఏమీ లేదు. కానీ వన్యప్రాణి చట్టంలో ట్రోఫీ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో కొమ్ము, గోరు, దంతంతో పాటు ఈక కూడా ఉంది, గుడ్డూ గూడూ కూడా ఉన్నాయి. నెమలి తోక ఈకలకి చట్టంలో ప్రత్యేకంగా మినహాయింపులు ఉన్నాయి, గుడి ముందు అమ్మేవి చూసి మనం అన్ని ఈకలూ అంతే అనుకుంటాం. మీకు నిజంగా ఈక కావాలంటే ఫారెస్ట్ అప్లికేషన్‌లోనే ఏంటి, ఎన్ని, ఏ ల్యాబ్‌కి అని రాసి అడగండి. కానీ నన్నడిగితే మీ ప్రశ్నకి ఈకతో పనే లేదు. చేప ఏ జాతో తెలియడం మాత్రం పనికొస్తుంది, దానికి కూడా గూళ్ల కిందికి వెళ్లకండి, సీజన్ మధ్యలో చెట్టు కింద మనిషి తిరిగితే పైన ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పా. మేపేటప్పుడు జూమ్ లెన్సుతో ఫొటో తీసి, ఆ ఊళ్లో చేపలు పట్టేవాళ్లకి చూపించండి, ఇది జెల్లా, ఇది కొరమీనా అని మన ల్యాబ్ కంటే వాళ్లే ముందు చెప్తారు.

చేపలవాళ్లు అంటే గుర్తొచ్చింది, మీ ప్రశ్నాపత్రం. పక్షుల ఎథిక్స్ గురించి ఇంత ఆలోచించారు గానీ, మీ మొత్తం ప్లాన్‌లో మామూలుగా ముందస్తు ఎథిక్స్ క్లియరెన్స్ అడిగే భాగం ఇదే. మనుషుల్ని ఇంటర్వ్యూ చేస్తే దానికి మనుషుల ఎథిక్స్ కమిటీ వేరే ఉంటుంది, ఐఏఈసీకి దానికీ ఏ సంబంధం లేదు. మీరు అడిగేది పక్షుల గురించే అయినా జవాబులో ఏం వస్తుందో మీ చేతిలో లేదు, ఎవరు వల వేస్తున్నారు, ఎవరు చెట్టు కొట్టారు, వాసన గోల గురించి ఎవరు తిట్టుకుంటున్నారు, ఇవన్నీ వస్తాయి. మీరు పేర్లతో రాసుకుంటే రేపు ఆ మనిషికి తిప్పలు. మీ యూనివర్సిటీలో అలాంటి కమిటీ ఉంటే ముందే చూపించండి, పేర్లు రాసుకోకండి, అడిగేముందు ఎందుకు అడుగుతున్నారో తెలుగులోనే చెప్పండి, వద్దంటే వదిలేయండి. అంత టైం లేదనుకుంటే ఈ భాగం తీసేయండి, ఇది లేకపోయినా ప్రాజెక్ట్ నిలబడుతుంది.

ఇంకో మాట, ఊళ్లోగానీ పేపర్లోగానీ "సైబీరియా నుంచి వచ్చిన పక్షులు" అంటే తలూపి మీ ఇంట్రొడక్షన్‌లో రాసేయకండి. మీరు చూసే ఈ రెండూ మన దక్షిణాసియా వైపు పక్షులే, గూళ్లు పెట్టేది ఇక్కడే, సైబీరియా మొహం చూసినవి కావు.

పట్టుకునే స్టడీల గురించి మీరు అడగలేదు గానీ పీహెచ్‌డీకి వెళ్తే అవసరం పడుతుంది కాబట్టి చెప్తా. వల వేయడం, కాలికి రింగు తొడగడం, ట్యాగ్ పెట్టడం, రక్తం తీయడం, వీటిల్లో ఏదున్నా మినహాయింపు మాటే లేదు. ఎథిక్స్ కమిటీ ఒకవైపు, వన్యప్రాణి చట్టంలోనే సెక్షన్ 12 కింద సైంటిఫిక్ రీసెర్చ్ పర్మిట్ ఇంకోవైపు. ఆ పర్మిట్ ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనే అయినా షెడ్యూల్ 1 (చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జంతువుల జాబితా) జంతువైతే ముందుగా కేంద్రం ఒప్పుకోవాలి, మిగతావాటికి రాష్ట్ర ప్రభుత్వం. 2022 సవరణతో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, చాలా జంతువులు ఒక షెడ్యూల్ నుంచి ఇంకోదానికి మారాయి. డిపార్ట్‌మెంట్ గోడకి అంటించిన పాత చార్టు చూసి రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, మీరు కొత్త లిస్టు చూసుకోండి.

ఇప్పుడు ఆ ఫార్మసీ కాలేజీ లెటర్. పని పూర్తయ్యాక అప్రూవల్ ఇవ్వడం అన్నది ఎథిక్స్ కమిటీల్లో ఉండకూడని పని. కమిటీ అన్నది ముందు చూసి అవునో కాదో చెప్పడానికే. మీటింగులో సీసీఎస్ఈఏ నామినీ కూర్చుంటారు, మినిట్స్ ఉంటాయి, తేదీలుంటాయి. మీ డేటా డిసెంబర్‌దై అప్రూవల్ మేలో ఉంటే రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే, తేదీ వెనక్కి వేయించారంటే అది ఇంక ఎథిక్స్ సంగతి కాదు, ఫోర్జరీ. ఎలుకల కమిటీ నంబరు ఒకటి తెచ్చి కొంగల పేపర్ మీద అంటించడం వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు, అది లేకుండానే మీ పేపర్ వెళ్తుంది.

ఎలాగంటే, మీకు కావల్సింది అప్రూవల్ నంబర్ కాదు, "ఈ పనికి అప్రూవల్ అవసరం లేదు" అని మీరు కాకుండా ఇంకొకరు రాసిచ్చిన కాగితం. మినహాయింపు ఎవరికి వాళ్లు ఇచ్చుకునేది కాదు, గైడ్ గారు నోటితో చెప్పింది చెల్లదు. మీ కాలేజీలో కమిటీ లేదు కాబట్టి అఫిలియేటెడ్ యూనివర్సిటీలో ఐఏఈసీ ఉందేమో కనుక్కుని, డేటా మొదలుపెట్టకముందే ఒక పేజీ రాసి పంపండి. పక్షుల్ని పట్టుకోవడం, ముట్టుకోవడం, మేత వేయడం, శబ్దం చేయడం, గూళ్ల దగ్గరికి వెళ్లడం ఏదీ లేదు, ఫలానా దూరం నుంచి చూస్తాం, పక్షులు కంగారుపడుతున్నట్టు కనపడితే ఆపేస్తాం, దీనికి కమిటీ రివ్యూ అవసరమో లేదో తెలియజేయండి, అంతే. వాళ్లు అవసరం లేదని ఒక్క లైను రాసిచ్చినా మీ పని అయిపోయినట్టే. ఒకవేళ ఏ కమిటీ అయినా లేదు, మేం చూస్తాం అంటే వాదించకండి, చూపించండి, నాలుగు వారాలు ఆలస్యమైతే అవుతుంది. యూనివర్సిటీ వాళ్లు పట్టించుకోకపోతే మీ డిపార్ట్‌మెంట్‌లోనే హెడ్, ఇంకో ఇద్దరు ఫ్యాకల్టీ, వీలైతే బయట ఒక వెటర్నరీ డాక్టరు కూర్చుని ప్లాన్ చదివి సంతకాలు పెట్టిన నోట్ ఒకటి తయారు చేయించుకోండి. అది ఐఏఈసీకి సమానం కాదు, అలా అని పేపర్‌లో చెప్పుకోకూడదు కూడా, కానీ ఎవరో ముందే చదివారు అని చూపించడానికి పనికొస్తుంది.

జర్నల్ ఫారంలో అప్రూవల్ నంబర్ గడి తప్పనిసరి అని ఉన్నా చాలావాటిలో "వర్తించదు" అని పెట్టి కారణం రాసే వీలుంటుంది. అలా లేకపోతే సబ్మిట్ చేసేముందే ఎడిటోరియల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి, మీలాంటి మెయిళ్లు వాళ్లకి రోజూ వస్తుంటాయి. ప్రవర్తన మీద వచ్చే జర్నల్స్ కొన్ని జంతు ప్రవర్తన మీద పనిచేసే ఏఎస్ఏబీ, ఏబీఎస్ అనే రెండు సొసైటీల గైడ్‌లైన్స్ పాటించామని రాయమంటాయి, అవి ఫ్రీగా దొరుకుతాయి, చదివాకే రాయండి. పేపర్‌లో ఎథిక్స్ స్టేట్‌మెంట్‌కి నాలుగైదు వాక్యాలు చాలు. ఏ దూరం నుంచి చూశారు, పక్షుల్ని పట్టుకోలేదు, శబ్దాలూ ఎరలూ వాడలేదు, ఏ కమిటీ ఏ తేదీన అవసరం లేదని చెప్పింది, నేలపట్టు కూడా చేస్తే ఫారెస్ట్ పర్మిషన్ నంబరు, తేదీ. "నైతిక ప్రమాణాలన్నీ పాటించాం" అని గాల్లో రాస్తే ఎవరూ నమ్మరు, దూరం మీటర్లలో రాయండి.

గైడ్ గారితో ఇదంతా ఎలా చెప్పాలో అని మీకు మొహమాటంగా ఉంటుంది, అర్థమవుతుంది. మీరు తప్పండీ అనక్కర్లేదు. "సార్, మీరన్నట్టే ఐఏఈసీ అక్కర్లేదట, జర్నల్ వాళ్లకి ఆ మాటే కాగితం మీద కావాలట, ఈ లెటర్ మీద సంతకం పెడతారా" అని డ్రాఫ్ట్ చేతిలో పట్టుకుని వెళ్లండి, ఖాళీ చేతుల్తో వెళ్తే రేపు చూద్దాం అంటారు. దాంతోపాటే నేలపట్టు అప్లికేషన్ కూడా ముందు పెట్టేసి ఒకే సిట్టింగ్‌లో రెండు సంతకాలూ చేయించుకోండి.